పట్టాలు లేని మజిలీ

గత సంచికలో ఈ శీర్షిక క్రింద యమునా నదిపై గల పాత ఇనుప వంతెనను గూర్చి ముచ్చటించుకున్నాము. 1867లో రైళ్ళ రాకపోకలకు తెరచిన ఆ వంతెన పై అంతస్తున రైలు, క్రింది అంతస్తున బండ్లు సాగుట మనలో చాలామంది కన్నులారా చూచినదే. ఈ పర్యాయం అదే రైలుమార్గం వెంట మరికొంత ముందుకు వెళ్ళి, నేడు టికెట్టు కొని చేరుకొనుటకు వీలులేని కొన్ని మజిలీలను దర్శించుదాము.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక సహోద్యోగి కుమారుడు. సివిల్ సర్వీసుల పరీక్షకు సిద్ధమవుతూ ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. ఇంటినుండి వచ్చిన ఆవకాయ జాడీ, కందిపొడి అతనికి అందజేసే పని ఒక ఆదివారం నాపై పడింది. బత్రా సినిమా పేరుతో పిలువబడే కూడలి నుండి ఇరుకు సందులలో నడుస్తూ, శిక్షణ కేంద్రాల బోర్డులు, జిరాక్సు దుకాణాలు, అద్దె గదుల ప్రకటనలు దాటుకుంటూ అతని గది చేరాము. మూడవ అంతస్తులో ఒక మంచం, ఒక బల్ల, గోడనిండా భారతదేశ పటం. టీ త్రాగుతుండగా ఆ అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు.

"అంకుల్, ఇక్కడ ఏ చోటుకు వెళ్ళాలన్నా లైను అంటారు, లేదా క్యాంపు అంటారు. హడ్సన్ లైన్, ఔట్రమ్ లైన్, ఎడ్వర్డ్ లైన్, కింగ్స్‌వే క్యాంప్. చుట్టుపక్కల ఒక్క రైలుపట్టా కూడా లేదు. ఈ లైన్లు ఏమిటి?"

ఆ లైన్లు రైలు లైన్లు కావనీ, ఒకనాటి బారకాసుల వరుసలనీ చెప్పాను. అయితే అతని ప్రశ్న తప్పు కాదు. ఆ నేల మీద నిజంగానే ఒకప్పుడు రైలుపట్టాలు ఉండేవి. రైళ్ళు నడిచేవి, ఆగేవి, జనం ఎక్కి దిగేవారు. ఆ సంగతి చెప్పగానే అతడు పుస్తకం మూసి ప్రక్కన పెట్టాడు. అతనికి ఆనాడు చెప్పిన దానికి మరికొంత చేర్చి ఇక్కడ వ్రాస్తున్నాను.

మూడు దర్బారులు

ఢిల్లీ నగరానికి ఉత్తరాన, రిడ్జి అనబడే రాతి గుట్టల వరుస దాటిన తరువాత బురారీ వైపు విశాలమైన మైదానం ఉండేది. నేటి ముఖర్జీ నగర్, దాని ఇరుగుపొరుగు వాడలు ఆ మైదానపు అంచులలోనివే. బ్రిటిషు ప్రభుత్వం తన వైభవాన్ని ప్రదర్శించుటకు ఈ మైదానాన్ని మూడుమార్లు ఎన్నుకున్నది. 1877 జనవరి 1వ తేదీన, లిట్టన్ వైస్రాయిగా ఉండగా, విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన దర్బారు మొదటిది. 1903 జనవరి 1వ తేదీన ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంగా కర్జన్ జరిపించినది రెండవది. 1911 డిసెంబరు 12వ తేదీన జరిగినది మూడవది. మొదటి రెండింటికి సింహాసనాధిపతులు రాలేదు. మూడవదానికి మాత్రం అయిదవ జార్జి, మేరీ రాణి స్వయంగా వచ్చారు.

ఈ మూడవ దర్బారుతో మన తెలుగు ప్రాంతానికి కూడా ఒక సంబంధం ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో మరణించాడు. గద్దెనెక్కి నాలుగు నెలలైనా నిండని ఇరవై అయిదేళ్ళ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఢిల్లీ వచ్చి, దర్బారులో సంస్థానాధీశులందరికంటె ముందుగా చక్రవర్తికి వందనం సమర్పించాడు. దేశంలోని సంస్థానాల రాజులు, వారి పరివారాలు, సైన్యాలు, గుఱ్ఱాలు, వంటవారు, చాకళ్ళు, పత్రికా విలేఖరులు, వేడుక చూడవచ్చిన ప్రజలు, ఇందరు ఆ మైదానంలో గుడారాలు వేసుకున్నారు. పంటపొలాలు కొద్ది నెలలలో ఒక నగరంగా మారినవి. ఆ నగరానికి నీరు కావాలి, దీపాలు కావాలి, తపాలా కావాలి. అన్నిటికంటె ముందు, వచ్చినవారిని ఢిల్లీ ఊరినుండి ఇక్కడికి చేరవేసే సాధనం కావాలి.

చిన్న పట్టాలపై పెద్ద భారం

ఇంజనీరుకు ఇది ఆసక్తి కలిగించే సమస్య. నేల చదునైనది, కాని మెత్తనిది. సమయం నెలలలో లెక్క. రాకపోకల ఒత్తిడి కొద్ది దినాలు మాత్రమే ఉంటుంది, ఆ కొద్ది దినాలలో మాత్రం విపరీతంగా ఉంటుంది. ఆ తరువాత ఆ మార్గంతో ఎవరికీ పని ఉండదు. ఇటువంటి చోట శాశ్వతమైన పెద్ద రైలుమార్గం వేయుట డబ్బును మట్టిలో పోయుటే. అందుచేతనే 1902 సంవత్సరాంతపు నెలలలో కర్జన్ దర్బారు కొరకు మైదానం సిద్ధం చేసినపుడు తాత్కాలికమైన తేలికపాటి రైలుమార్గం వేశారు. ప్రేక్షకులను ఢిల్లీ నుండి శిబిరాలకు చేర్చుట దాని పని. దానితోపాటు తపాలా కార్యాలయం, టెలిఫోను, టెలిగ్రాఫు, విద్యుద్దీపాలు, ఆసుపత్రి, న్యాయస్థానం కూడా గుడారాల నగరంలో వెలసినవి. 1911 దర్బారుకు సైతం శిబిరాల నడుమ చిన్న గేజి రైలు నడిచింది.

గేజి అనగా రెండు పట్టాల నడుమ గల ఎడమని మన సిబ్బందికి తెలుసును. కుటుంబ సభ్యుల సౌకర్యార్థం ఒక మాట. మనం హైదరాబాదుకో, విశాఖపట్నానికో ప్రయాణం చేసే పెద్ద రైలుకు ఆ ఎడం 1676 మిల్లీమీటర్లు. 1903లోనే ప్రారంభమైన కాల్కా-సిమ్లా కొండ రైలుకు 762 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు. ఎడం తగ్గినకొద్దీ బండి చిన్నదవుతుంది, ఇరుసు మీద బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే సన్నని పట్టాలు చాలును, దిమ్మెలు చిన్నవి చాలును, కంకర పరుపు పలుచగా ఉన్నను సరిపోతుంది. మలుపులు బిగువుగా త్రిప్పవచ్చును కనుక గుడారాలను, చెట్లను, కాలువలను తప్పించుకుంటూ దారి మళ్ళించవచ్చును. అన్నిటికంటె ముఖ్యంగా, పని ముగిసిన వెంటనే విప్పి బండికెత్తి మరొకచోటికి పంపవచ్చును. యుద్ధరంగాలలో సైన్యానికి సరుకులు చేరవేయుటకు ఆ కాలంలో చిన్న గేజినే వాడుటకు కారణం ఇదే.

ఈ చిన్న మార్గాలకు పెద్ద మార్గాల తోడ్పాటు లేకపోలేదు. ఢిల్లీ నుండి అంబాలా మీదుగా కాల్కా వెళ్ళే పెద్ద గేజి మార్గం 1891లోనే సిద్ధమైనది. అది నేటికీ సబ్జీ మండీ, ఆజాద్‌పూర్ స్టేషనుల మీదుగా, ముఖర్జీ నగర్‌కు పడమటి దిక్కున సాగిపోతున్నది. ఢిల్లీ జంక్షనులో నేడు మనం చూచే ఎఱ్ఱని కోట వంటి కట్టడం కూడా 1903లో వాడుకలోకి వచ్చినదే.

తాత్కాలిక నిర్మాణాల ధర్మం వేరు. వంతెన కట్టే ఇంజనీరు అది నూరేళ్ళు నిలవాలని లెక్క వేస్తాడు. వేడుక కొరకు పట్టాలు వేసే ఇంజనీరు మాత్రం అవి ఎప్పుడు విప్పవలెనో తెలిసియే వేస్తాడు. ఎత్తుచేసి దిమ్మిస కొట్టిన మట్టి ప్లాట్‌ఫారం అవుతుంది, ఒక గుడారం టికెట్ల గది అవుతుంది, రెండు గుంజలకు మేకులు కొట్టిన చెక్క పేరుబోర్డు అవుతుంది. విప్పినప్పుడు పట్టాలకు లెక్క ఉంటుంది, దిమ్మెలకు లెక్క ఉంటుంది, బోల్టులకు సైతం లెక్క ఉంటుంది. మజిలీకి మాత్రం లెక్క ఉండదు. మట్టి మట్టిలో కలుస్తుంది, మరుసటి పంటకు నాగలి దాని మీదుగా పోతుంది.

రాజు దిగిన చోటు

గుడారాల మజిలీలు ప్రజలకు, పరివారానికి. రాజుకు వేరే ఏర్పాటు జరిగింది. 1911 డిసెంబరు 2వ తేదీన బొంబాయి రేవులో దిగిన అయిదవ జార్జి, డిసెంబరు 7వ తేదీన ప్రత్యేక రైలులో ఢిల్లీ చేరాడు. ఆ రైలు ఢిల్లీ జంక్షనులో ఆగలేదు. ఎఱ్ఱకోటను ఆనుకొని ఉన్న సలీంగఢ్ కోటలో, రాజు దిగుట కొరకు ప్రత్యేకంగా ఏర్పరచిన స్టేషనులో ఆగింది.

సలీంగఢ్ షేర్షా కుమారుడు సలీం షా 1546లో కట్టించిన కోట. గత సంచికలో చెప్పుకున్న ఇనుప వంతెన దిగిన రైలుమార్గం ఈ కోటను చీల్చుకుంటూనే ఢిల్లీ జంక్షను చేరుతుంది. జంక్షను అంత దగ్గరలో ఉండగా ఇక్కడొక స్టేషను ఎందుకు అని మనవంటివారికి సందేహం కలుగుట సహజం. సాంకేతికంగా చూచిన దాని అవసరం లేదు. ఇక్కడ దిగిన రాజు నేరుగా మొగలు చక్రవర్తుల కోటలోనికి నడచి, అక్కడినుండి నగరంలోనికి వెడలవచ్చును. ఆ దృశ్యం కొరకే స్టేషను.

అంత ఏర్పాటు జరిగినను ఒక చిన్న విషయం పాలకుల లెక్కకు అందలేదు. రాజు ఏనుగు అంబారీ మీద వస్తాడని జనం ఎదురుచూశారు. ఆయన సైనిక దుస్తులలో, గుఱ్ఱం మీద, ఇతర అధికారుల నడుమ సాగిపోయాడు. వీధులకు ఇరువైపుల నిలిచిన వారిలో అనేకులు ఆయనను గుర్తుపట్టనేలేదు. స్టేషనును ప్రత్యేకంగా కట్టించిన వారికి రాజును ప్రత్యేకంగా చూపించుట మాత్రం సాధ్యపడలేదు.

నేడు ఘజియాబాదు వైపు నుండి ఆ వంతెన మీదుగా పాత ఢిల్లీ స్టేషనుకు వచ్చే రైలు సలీంగఢ్ గోడల నడుమ నుండియే పోతుంది. పట్టాలున్నవి, రైళ్ళున్నవి, ప్రయాణికులున్నారు. ఆగుట మాత్రం లేదు. తన బ్రతుకు దారిన తాను పోయే ప్రయాణికునికి ఆ స్టేషనుతో ఏనాడూ పని లేకపోయినది.

రాజధాని లేచిపోయిన పిదప

డిసెంబరు 12వ తేదీన దర్బారు చివర జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు ప్రకటించాడు. వంగదేశ విభజన రద్దు కూడా ఆ దినపు ప్రకటనే. మూడు దినాల తరువాత, అనగా డిసెంబరు 15వ తేదీన, ఈ దర్బారు ప్రాంతంలోనే కొత్త రాజధానికి శంకుస్థాపన చేశారు. ఆ లెక్కన రాష్ట్రపతి భవనం, పార్లమెంటు వెలయవలసిన చోటు ఈ అబ్బాయి గది చుట్టుపక్కలనే!

అయితే నిపుణులు నేలను పరీక్షించి ఈ ప్రాంతం పల్లమనీ, యమున వరదకు లోబడేదనీ, రాజధానికి తగదనీ తేల్చారు. శంకుస్థాపన రాళ్ళను పెకలించి నగరానికి దక్షిణాన ఉన్న రైసినా గుట్టకు తరలించారు. 1931లో కొత్త ఢిల్లీకి ప్రారంభోత్సవం అక్కడే జరిగింది. ఉత్తరాన రాజుగారి బాటగా కింగ్స్‌వే అన్న పేరు మిగిలింది. కొత్త రాజధానిలోని ప్రధాన వీధికి కూడా కింగ్స్‌వే అన్న పేరే పెట్టారు. ఆ వీధి స్వాతంత్ర్యానంతరం రాజ్‌పథ్ అయింది, 2022లో కర్తవ్యపథ్ అయింది. ఇక్కడి కింగ్స్‌వే మాత్రం జనం నోట నేటికీ కింగ్స్‌వే క్యాంపుగానే ఉన్నది.

అధికారం లేచిపోయిన ఈ మైదానానికి తరువాత వేరే అతిథులు వచ్చారు. 1930ల దశకంలో హరిజన సేవక సంఘం ఇక్కడ తన ప్రాంగణాన్ని నెలకొల్పగా, గాంధీజీ, కస్తూర్బా అందులో బస చేశారు. 1947లో దేశ విభజన జరిగినపుడు పశ్చిమ పంజాబు నుండి సర్వం కోల్పోయి వచ్చిన వేలాది కుటుంబాలు ఇక్కడి బారకాసులలో, గుడారాలలో తలదాచుకున్నవి. ఢిల్లీలోని కాందిశీకుల శిబిరాలలో కింగ్స్‌వే క్యాంపే అతి పెద్దది. రాజుల కొరకు గుడారాలు వేసిన నేల మీద ముప్పది ఆరేళ్ళ తరువాత ఇల్లు లేనివారి కొరకు గుడారాలు వేశారు. మొదటివి వేడుక ముగియగానే విప్పివేయబడినవి. రెండవవి క్రమేణా ఇండ్లుగా, దుకాణాలుగా, పాఠశాలలుగా మారినవి. 1970లో ఈ ప్రాంతానికి గురు తేగ్ బహాదుర్ నగర్ అని పేరు పెట్టారు.

జార్జి చక్రవర్తి పాలరాతి విగ్రహం కథ కూడా ఈ నేలతోనే ముడిపడి ఉన్నది. ఇండియా గేటు దగ్గరి రాతి మండపంలో 1936లో నిలిపిన ఆ విగ్రహాన్ని 1968లో అక్కడినుండి తొలగించారు. అది ఇప్పుడు దర్బారు జరిగిన చోటనే, కరోనేషన్ పార్కులో నిలుచున్నది. ఖాళీ అయిన మండపంలో 2022లో నేతాజీ సుభాస్ చంద్ర బోసు విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. రాజు రైలు దిగిన సలీంగఢ్‌లో 1945లో బంధించబడినది నేతాజీ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజు సైనికులే. 1995లో ఆ కోట స్వాతంత్ర్య సైనికుల స్మారకమైనది. రాజు దిగిన చోటును గాని, నిలిచిన చోటును గాని చరిత్ర ఆయన పేర ఉంచలేదు.

కోటిపల్లి రైలు

ఇంతవరకు విన్న తరువాత ఆ అబ్బాయి, "అంటే మూతపడిన స్టేషను మళ్ళీ బ్రతకదా అంకుల్?" అని అడిగాడు. అతనిది గోదావరి ప్రాంతం. కనుక అతని ఊరి ప్రక్కనే జవాబు దొరికింది.

కాకినాడ నుండి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గోదావరి ఒడ్డున కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గం 1928లో వేయబడినది. ద్రాక్షారామ భీమేశ్వరుని, కోటిపల్లి సోమేశ్వరుని దర్శించే యాత్రికులకు, కోనసీమ కొబ్బరి, ధాన్యం వర్తకులకు, కాకినాడ కళాశాలలలో చదివే పిల్లలకు అది ఊతం. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇనుము అవసరమైన ప్రభుత్వం 1940లో ఆ పట్టాలను ఊడదీయించింది. స్టేషనులు మూగవోయినవి.

దర్బారు పట్టాలకు, కోటిపల్లి పట్టాలకు పట్టిన గతి ఒక్కటే. ఊడదీయుటలో తేడా ఏమీ లేదు. తేడా ఆ తరువాత కనబడింది. దర్బారు రైలు పోయినందుకు విచారించిన పల్లె లేదు. కోటిపల్లి రైలు పోయినందుకు మూడు తరాలు విచారించినవి. తాతలు మనుమలకు ఇక్కడ రైలు ఆగేదని చూపించారు. ఎన్నికలలో అడిగారు, అర్జీలలో వ్రాశారు. అమలాపురం నుండి లోక్‌సభకు ఎన్నికై, సభాపతిగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి కోనసీమకు రైలు కొరకు గట్టిగా కృషి చేశారు. 2002లో హెలికాప్టరు ప్రమాదంలో ఆయన మరణించారు. రెండేళ్ళ తరువాత, 2004లో, కోటిపల్లికి మళ్ళీ రైలు నడిచింది. పెద్ద రైలు కాదు, బస్సువంటి చిన్న రైలుబస్సు. అయినను అరువది నాలుగేళ్ళ తరువాత ఆ పట్టాల మీద చక్రం తిరిగింది.

స్టేషనుకు ఆయువు ఇటుకలలో లేదు, ఇనుములో లేదు. దాని అవసరం గల మనుషులలో, దానిని మరచిపోని మనుషులలో ఉన్నది. ఈ మాట వ్రాయుట తేలికే. నేను దానిని నేర్చుకున్న సందర్భం మాత్రం నాకు గర్వకారణం కాదు. అయినను ఇక్కడ చెప్పక తప్పదు.

ఒక బోర్డు బరువు

ఈ సంస్థలో చేరుటకు పూర్వం నేను ఒక కర్మాగారంలో పనిచేశాను. దాని పేరు ఇక్కడ అప్రస్తుతం, ఎందుకనగా తప్పు నాది. ఆ కర్మాగారానికి ప్రధాన మార్గం నుండి ఒక సైడింగు, ఆ సైడింగు మీద కార్మికుల కొరకు ఒక చిన్న హాల్టు ఉండేవి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, మూడు షిఫ్టులకు మూడు మార్లు నాలుగు పెట్టెల షటిల్ వచ్చి ఆగేది. రోడ్డు బాగుపడి బస్సులు వచ్చిన తరువాత షటిల్ ఆగిపోయినది. హాల్టును తొలగించవలసినదిగా ఉత్తర్వు వచ్చింది. తొలగించే సామగ్రికి జాబితా తయారుచేసే పని కొత్తగా చేరిన నాకు అప్పగించారు.

జాబితా చక్కగా తయారుచేశాను. పట్టాలు ఇన్ని మీటర్లు, ఫిష్‌ప్లేట్లు ఇన్ని, దిమ్మెలు ఇన్ని, రేకుల షెడ్డు ఒకటి. చివరి వరుసలో పేరుబోర్డు, ఇనుపది, ఒకటి. ప్రక్కన దాని బరువు కిలోగ్రాములలో వ్రాసి సంతకం చేశాను. మా అధికారి నా జాబితాలో ఒక్క తప్పు కూడా లేదని మెచ్చుకున్నారు. అన్నీ కలిపి తుక్కు వేలంలో పోయినవి.

పది దినాల తరువాత ఒక వృద్ధుడు నా గది ముందు నిలబడ్డాడు. ఆయన ఆ సైడింగు మీద కీమన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. కీమన్ అనగా ప్రతిదినం భుజాన సుత్తి, చేత స్పానరుతో పట్టాల వెంట నడుస్తూ, వదులైన మేకులు బిగించే మనిషి. ఆయన నడకయే మన ప్రయాణానికి భద్రత.

"అయ్యా, ఆ బోర్డు ఉంటే ఇప్పించండి. తూకం లెక్కన డబ్బు కడతానండి" అన్నాడు.

వేలంలో పోయిందని చెప్పాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "మా పిల్ల మొట్టమొదట కూడబలుక్కుని చదివింది ఆ పేరేనండి. నాకు క్యారేజీ తెచ్చినప్పుడల్లా దాని క్రింద కూర్చుని అక్షరాలు దిద్దేది. ఇప్పుడు పంతులమ్మగా చేస్తోంది. దాని బడిలో పెడదామని అడిగానండి" అని చెప్పి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నిబంధనల ప్రకారం నేను చేసినది తప్పు కూడా కాదు. అయినను ఆ బోర్డు బరువు నేను సరిగా తూచలేదని ఆనాడు తెలిసింది. జాబితాలో దాని ఎదుట కిలోగ్రాములు తప్ప మరేమీ వ్రాయవచ్చునని నాకు తోచలేదు. ఆ హాల్టుకు ఒక ఛాయాచిత్రం తీసి ఉంచవలెనని గాని, అక్కడ పనిచేసిన పది పన్నెండు మంది పేర్లు ఒక కాగితం మీద వ్రాసి దస్త్రంలో చేర్చవలెనని గాని తోచలేదు. అందుకు ఒక పూట చాలును, ఖర్చు ఏమీ లేదు.

నాటినుండి నా చేతిమీదుగా పోయే ప్రతి తొలగింపు ప్రతిపాదనకు ఒక పుట అదనంగా జతచేస్తున్నాను. అది పంపుహౌసు కావచ్చు, పాత జనరేటరు కావచ్చు, కాపలాదారు గది కావచ్చు. ఎప్పుడు కట్టినది, దేనికి పనికివచ్చినది, ఎవరెవరు దానిపై పనిచేశారు, ఒక ఛాయాచిత్రం. అంతే. మొదట్లో పై అధికారులు కొందరు నవ్వారు. ఒకాయన మాత్రం ఆ పుటలో తన తొలి ఉద్యోగం నాటి ఫోర్‌మన్ పేరు చూచి, ఆ కాగితం నకలు అడిగి తీసుకున్నారు.

పాఠకులకు నా మనవి ఇదే. మనది పాత యంత్రాలను తొలగించి కొత్తవి నెలకొల్పే సంస్థ. తొలగించుట మన విధి, అందులో సందేహం లేదు. పనికిరాని దానిని పట్టుకుని వ్రేలాడుట ఇంజనీరు లక్షణం కాదు. అయితే విప్పే ముందు ఒక పుట వ్రాయండి. పదవీ విరమణ చేసిన పెద్దలు మీ ఇంట ఉన్నచో వారిని కూర్చోబెట్టి అడగండి. వారు తిప్పిన మీట ఏది, ఎక్కిన షటిల్ ఏది, దిగిన హాల్టు పేరేమి అని అడిగి వ్రాసి పెట్టండి. దర్బారులో ఏ రాజు ముందు వందనం చేశాడో, ఎవరు తరువాత చేశారో వ్రాసుకొనుటకు ఆనాడు గుమాస్తాలున్నారు. మన కీమన్ల కొరకు వ్రాయవలసినది మనమే.

ఆ సాయంత్రం ఆ అబ్బాయి నన్ను సాగనంపుటకు జి.టి.బి. నగర్ మెట్రో స్టేషను వరకు వచ్చాడు. 2009 ఫిబ్రవరిలో తెరచిన ఆ స్టేషను భూగర్భంలో ఉన్నది. మెట్లు దిగుతుంటే సంచులు మోసుకుంటూ, చెవులలో పాటలు పెట్టుకుని, చేత పుస్తకాలతో వందలాది పిల్లలు ఎక్కి వస్తున్నారు. వారికొరకు అంబారీలు లేవు, బాకాలు లేవు. ఎవరి కొరకూ ప్రత్యేకంగా ఆగని రైలు అందరి కొరకూ ఆగుతున్నది.

"అంకుల్, మీరు చెప్పిన ఆ కీమన్ గారి అమ్మాయి ఏ బడిలో చేస్తున్నారో తెలుసా?" అని అడిగాడు ఆ అబ్బాయి.

తెలుసునని చెప్పాను. ఈ వేసవిలో స్వగ్రామం వెళ్ళినపుడు ఆ ఊరు కూడా పోయి రావలెనని అనుకుంటున్నాను. బోర్డు తిరిగి తేలేను. పసుపు రంగు మీద నల్లని అక్షరాలతో, ఆ పేరునే మూడు భాషలలో వ్రాయించి తీసుకువెళ్ళుటకు రంగులు వేసే మనిషితో మాట్లాడాను.